నాలుగో నంబరు సాంచా

పోయిన వారం భాగంలో మీరు నన్ను వదిలి వెళ్ళినప్పుడు నా చెయ్యి నాలుగో నంబరు సాంచా హ్యాండిల్ మీద ఉంది.

ఆ మరమగ్గాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మూడేళ్ళ కిందట దాని మీదే మా బాపు దత్తాత్రి కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. దత్తాత్రి తాగి వచ్చి, తిరుగుతున్న సాంచాలో చెయ్యి పెట్టాడని కార్ఖానా యజమాని నర్సప్ప సేటు అశోక్ చౌక్ అంతా చెప్పాడు. ఆ మాట అంటుకున్నాక సోలాపూర్‌లో ఇంకో కార్ఖానా బాపును గడప తొక్కనివ్వలేదు. "బంద్ చేసినంకనే చెయ్యి పెట్టిన" అని బాపు చెబుతూనే ఉన్నాడు. వినడానికి ఎవరూ ఆగలేదు.

అప్పుడు నేను ఊళ్ళో నానమ్మ దగ్గర ఉండి బడికి వెళ్తున్నాను. పదో తరగతి అయ్యాక బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో అమ్మా బాపుల దగ్గరికి వచ్చాను. ఇప్పుడు నాకు పదిహేడు. తాగుబోతు బిడ్డ అని వేరే ఎవరూ పనికి పిలవలేదు కాబట్టి, అదే నర్సప్ప సేటు కార్ఖానాలో నూలు కండెలు చుడుతున్నాను.

సేటు కొడుకు తుషార్ పుణెలో సంగీతం నేర్చుకొని వచ్చాడు. ఆదివారం సాంచాలు ఆగి ఉన్నప్పుడు ఇద్దరు స్నేహితులతో కలిసి కార్ఖానాలో ఒక రాక్ ఆల్బమ్ రికార్డు చేస్తున్నాడు. మా గల్లీ శుభమ్ డ్రమ్స్ వాయిస్తాడు. ఆరతి అక్క మైకులూ ల్యాప్‌టాప్ చూసుకుంటుంది. తుషార్ అన్న తన సంగీతాన్ని చద్దర్ దుప్పట్ల డిజైన్లు గీసే గళ్ళ కాగితం మీద రాస్తాడు. ఒక్కో గడి ఒక్కో దెబ్బ. ఎర్ర గడి గిటార్‌ది, నల్లది డ్రమ్స్‌ది. అక్కడక్కడ వరుసగా ఖాళీ గళ్ళు వదులుతాడు. అక్కడ ఎవరికి ఏది తోస్తే అది వాయించాలి.

పోయిన ఆదివారం అలాంటి ఖాళీ గళ్ళు వచ్చినప్పుడు తుషార్ అన్న నావైపు తిరిగి, "తృప్తీ, నువ్వు గూడ ఏమన్న చెయ్" అన్నాడు. నేను అక్కడ ఊడవడానికి వచ్చినదాన్ని. చీపురు పక్కన పెట్టి, దుమ్ము పడకుండా కప్పిన తాడిపత్రి తీసి, మోటారు వేసి, నాలుగో నంబరు హ్యాండిల్ లాగాను. మా బాపు వేళ్ళు తిన్నదాని గొంతు ఎలా ఉంటుందో వినాలనిపించింది. ఇంకే కారణమూ లేదు. కాసేపు తిరగనిచ్చి ఆపేశాను. ఎవరూ నన్ను తిట్టలేదు, తుషార్ అన్న అయితే గంతులేశాడు.

అది పోయిన ఆదివారం. ఈ ఆదివారం నర్సప్ప సేటు వచ్చాడు.

సెలవు రోజున ఆయన కార్ఖానా మొహం చూడడు. అలాంటిది పదకొండు గంటలకే తన కొడుకు స్కూటర్ వేసుకొని వచ్చి, చెప్పులు విడవకుండా లోపలికి నడిచాడు. సాంచాల మధ్య చెప్పులతో తిరిగితే మమ్మల్ని తిట్టేది ఆయనే.

"ఏదిరా, ఆర్నెల్ల సంది చేస్తున్నరు గదా. ఇనిపియ్," అన్నాడు.

తుషార్ అన్న ముఖం పాలిపోయి ఉంది. "ఇంక పూర్తి కాలే పప్పా."

"సగం చద్దర్ చూసి గూడ మంచిదో చెడ్డదో చెప్త నేను. పెట్టు."

ఆరతి అక్క స్పీకర్లు ఆయనవైపు తిప్పి పెట్టింది. మొదట రాసిన భాగం వచ్చింది. గిటార్ ఏడు దెబ్బలకోసారి మొదటికొస్తుంది, డ్రమ్స్ పన్నెండుకోసారి వస్తాయి. రెండూ కలిసేచోటు ఎప్పుడొస్తుందా అని నేను ప్రతిసారీ ఎదురుచూస్తాను. సేటుకు మాత్రం పన్ను నొప్పి వచ్చినట్టుంది.

"పాట ఏడున్నదిరా దీంట్ల?"

"వస్తది కాకా, బస్సు ఎక్కింది," అన్నాడు శుభమ్.

"నిన్ను అడగలే. మీ అమ్మ అంత కష్టపడి ఆకు కత్తిరించి విడీలు చుడ్తుంటె నువ్వు ఈడ డబ్బాలు కొట్టుకుంట కూసో." మళ్ళీ కొడుకువైపు తిరిగాడు. "గిటార్‌కు గజ్జి లేసిందారా, గట్ల గీకుతున్నవ్?"

ఖాళీ గళ్ళు వచ్చాయి. శుభమ్ ఇనుప స్తంభం మీద ఖాళీ కండెతో కొట్టిన చప్పుడు, తుషార్ అన్న తీగల మీద గుడ్డ ముక్క రాసిన చప్పుడు. ఆ తర్వాత మోటారు గుర్రుమంది. నాలుగో నంబరు మొదలైంది.

సేటు చెయ్యి పైకెత్తాడు. నాలుగు దెబ్బలు విన్నాడేమో, అంతే.

"ఎవరు తిప్పిన్రు దీన్ని?"

"అది కంప్యూటర్ సౌండ్ పప్పా," అన్నాడు తుషార్ అన్న. చాలా మెల్లగా అన్నాడు.

"ఎవనికి చెప్తున్నవ్‌రా? పన్నెండు సాంచాలు నావి. కండ్లు మూసుకొని నడిస్తె ఏది ఏ నంబరో చెప్త. ఎడమ దెబ్బ సక్కగ పడ్తది, కుడి దెబ్బ ఎనకబడ్తది. కుంటోడు నడిచినట్టు. నాలుగో నంబర్ తప్ప సోలాపూర్ల ఇంకో సాంచా గిట్ల నడువది."

అది నిజమే. కార్ఖానాలో పాతవాళ్ళు సాంచాలను చూడరు, వింటారు. పన్నెండు కలిసి మోగుతున్నప్పుడు కూడా, ఒకదాంట్లో పోగు తెగితే అటే తల తిప్పుతారు. కండెలు చుట్టే నాకు ఆ చెవి ఇంకా రాలేదు. అన్నీ నాకు ఒకే హోరు.

స్పీకర్లలో సాంచా ఇంకా కుంటుతూనే ఉంది. సేటు గబగబా రెండడుగులు వేసి ల్యాప్‌టాప్ మూత టపీమని మూసేశాడు.

"అహో కాకా!" ఆరతి అక్క లేచి నిలబడింది. "నాది అది. అట్ల కొడ్తె తెర పలుగుతది."

"ఎవరు తిప్పిన్రు?"

శుభమ్ నావైపు చూడకుండా ఉండడానికి పైకప్పు చూశాడు. ఆరతి అక్క తన వైర్లు చూసుకుంది. వాళ్ళు చెప్పరని నాకు తెలుసు. వాళ్ళు చెప్పకపోతే ఇంకా కష్టమని కూడా తెలుసు. పదిమందిలో నాకు గొంతు రాదు. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యెత్తేదాన్ని.

"నేనే," అన్నాను.

సేటు ఆశ్చర్యపోలేదు. ఆ సంగతి నేను తర్వాత ఆలోచించాను. అప్పుడు ఆయన నోటికి మాత్రమే భయపడ్డాను.

"నువ్వా? తండ్రి చెయ్యి పోతె గూడ బుద్ధి రాలేదా మీ ఇంట్ల? లేక నువ్వు గూడ ఏసుకొని వచ్చినవా ఆదివారం?"

"కాకా, నోరు సంబాళించుకోండ్రి," అన్నాడు శుభమ్.

"గప్ బస్! నా కార్ఖానల నాకు చెప్తవా? ఏ పోరీ, రేపటి సంది నువ్వు రాకు. కండెలు సుట్టనీకి ఇంకెవరన్న వస్తరు. ఆరతీ, నువ్వు గిప్పుడే ఆ సాంచా సౌండ్ తీసెయ్. నా కండ్ల ముందల తియ్యాలె."

"తుషార్ చెప్తె తీస్త. ఆల్బమ్ ఆయనది," అంది ఆరతి అక్క.

అందరం తుషార్ అన్నవైపు చూశాం. ఆయన గళ్ళ కాగితాన్ని మడతలు పెడుతున్నాడు. విప్పుతున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు.

"తీసెయ్," అన్నాడు. "అది రాసింది గాదు గదా. అక్కడ వేరే ఏమన్న వాయిద్దాం."

శుభమ్ డ్రమ్ కర్రలు కింద పడేశాడు. "వేరే ఏమన్ననా? ఆర్నెల్లల్ల ఒక్క నిమిషం మంచిగొచ్చింది. అది గూడ నీది గాదు, నాది గాదు, ఈమెది. నీ గళ్ళల్ల గడికొకటి కొట్టుకుంట నేను మిషన్ లెక్క అయిన. ఆ సాంచా మొదలైనంకనే నా చేతులకు పాణమొచ్చింది. నువ్వే అన్నవ్ గదా, ఇదే ఆల్బమ్ అని? గంతులేసినవ్ గదా ఆ రోజు?"

"కార్ఖానా పప్పాది శుభ్యా."

"అయితె?"

"ఈడికెళ్ళి పంపిస్తె ఏడికి పోతం? మీ అమ్మ అర్రలకా?"

ఆ మాటకు శుభమ్ మెడ నరాలు ఉబ్బాయి. కొట్టుకుంటారేమో అనుకున్నాను. ఈలోపు ఆరతి అక్క తెర పగిలిందో లేదో చూసుకుంటూ ల్యాప్‌టాప్ తెరిచింది. తెరవగానే ఆగినచోటి నుంచి సాంచా మళ్ళీ మొదలైంది.

"బంద్ చెయ్!" సేటు అరిచాడు.

"ఆల్బమ్ మీది గాదు కాకా. పూర్తిగ ఇని తీసేస్త. ఏది తీస్తున్ననో నాకు తెల్వాలె గదా," అంది ఆరతి అక్క. ల్యాప్‌టాప్‌ను ఒళ్ళోకి లాక్కుంది.

సాంచా తిరిగింది. నేను ఆపిన చోటు వచ్చింది. హ్యాండిల్ వెనక్కి తోసిన చప్పుడు, టక్‌మని స్పష్టంగా. ఆ తర్వాత దెబ్బ. మళ్ళీ ఇంకో దెబ్బ. అప్పుడు నిశ్శబ్దం.

శుభమ్ తల వంచి విన్నాడు. అతని కోపం అంతా ఎక్కడికో పోయింది. "ఇంకోపారి పెట్టు," అన్నాడు.

టక్. దెబ్బ, దెబ్బ. నిశ్శబ్దం.

"నాకు గీ జాగనే ఇష్టం. టక్ అన్నంక రెండు పడ్తయి. నువ్వు హ్యాండిల్ సగం నూకి, మళ్ల నూకినవా తృప్తీ?"

"లేదు. ఒక్కసారే. నూకి చెయ్యి తీసిన."

"చెయ్యి తీసినవా?"

"తీసిన."

"మరి బంద్ చేసినంక గూడ రెండు దెబ్బలు ఎట్ల పడ్డయి?"

అప్పుడు నాకు అర్థమైంది. హ్యాండిల్ తోస్తే సాంచా వెంటనే ఆగాలి. అది ఆగిందని నమ్మి నేతగాడు తెగిన పోగు కోసం చెయ్యి లోపల పెడతాడు. ఇది ఆగలేదు. బంద్ చేసినంకనే చెయ్యి పెట్టిన. ఆ మాట నేను మూడేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఇక్కడ ఒక సంగతి రాయాలి, సిగ్గుగా ఉన్నా రాయాలి. ఇన్నాళ్ళూ నేను సేటు మాటే నమ్మాను. బాపు పండగలకు తాగేవాడు, నాకు తెలుసు. వేళ్ళు పోయిన రోజు కూడా తాగే ఉంటాడనుకున్నాను. ఊళ్ళో ఉన్నప్పుడు నా డైరీలో "మా బాపు అబద్ధం చెప్తున్నాడు" అని రాసుకున్నాను కూడా. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

ఫోన్ తీసి బాపుకు చేశాను. "బాపూ, కార్ఖానకు రా. గిప్పుడే రా," అన్నాను. ఇంకేమీ చెప్పలేకపోయాను.

"పిలువు, పిలువు," అన్నాడు సేటు. ఇందాక అరిచిన మనిషి ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తాగకుంట వస్తె సరి."

బస్సు దొరికి బాపు వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. సేటు ఫోన్‌లో ఏవో వీడియోలు పెద్ద చప్పుడుతో చూశాడు. తుషార్ అన్న రెండుసార్లు బయటికి వెళ్ళబోయాడు. "ఏడికిరా?" అని సేటు అడగగానే రెండుసార్లూ కూర్చున్నాడు.

బాపు తలుపు దగ్గర చెప్పులు విడిచాడు. మూడేళ్ళ తర్వాత లోపలికి వచ్చాడు. సాంచాలవైపు చూడలేదు. తాడిపత్రి తీసి ఉన్న నాలుగో నంబరును మాత్రం చూసి, అక్కడే ఆగిపోయాడు.

"ఎవరు ముట్టిన్రు?"

"నేనే బాపూ."

బాపు ఎడమచెయ్యి లేచింది. నన్ను ఎన్నడూ కొట్టని మనిషి. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"నీ చెయ్యి గూడ ఇచ్చి పోదామనుకున్నవా దీనికి?"

"బాపూ, ముందుగాల ఇది ఇను."

ఆరతి అక్క పెట్టింది. బాపు గోడకు ఆనుకొని కళ్ళు మూసుకున్నాడు. సాంచా కుంటుతూ తిరుగుతుంటే దెబ్బలు లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిపాడు. టక్. దెబ్బ, దెబ్బ.

"రెండు," అన్నాడు బాపు. కళ్ళు తెరిచాడు. "నాడు గూడ రెండే సేటు. మొదటిది పడ్డప్పుడు ఇదేంది అనుకున్న. రెండోది పడ్డప్పుడు చెయ్యి లోపల ఉండె. తోలుపట్ట నూనె తాగి నున్నగైంది, బ్రేకు జారుతున్నది, మార్పియ్యి అని నీకు రెండుపార్ల చెప్పిన. ఈ ఆర్డర్ పోనియ్ దత్తూ, అన్నవ్."

"కథలు చెప్పకు. గిప్పటి పోరగాండ్లు కంప్యూటర్ల ఏమన్న చేస్తరు. ఒక దెబ్బను నాలుగు చేస్తరు." సేటు లేచి నిలబడ్డాడు. "సౌండ్ ఎందుకు? సాంచా ఈడనే ఉన్నది. తిప్పు. అందరి ముందల తిప్పు. బంద్ చేస్తె ఆగదా చూద్దాం. ఆగితె మాత్రం నువ్వూ నీ బిడ్డా మళ్ల నా పేరు తియ్యొద్దు."

"తిప్పుదాం," అన్నాడు బాపు.

తుషార్ అన్న, "వద్దు అంకుల్" అన్నాడు. ఎందుకు వద్దో చెప్పలేదు.

బాపు నన్ను పక్కకు జరిపి తానే మోటారు వేశాడు. హ్యాండిల్ లాగాడు. నాలుగో నంబరు మొదలైంది. స్పీకర్లలో విన్నదానికంటే నిజం చప్పుడు కడుపులో తగులుతుంది. బాపు ఇరవై దెబ్బల దాకా తిరగనిచ్చాడు. తర్వాత హ్యాండిల్ తోశాడు.

టక్.

అంతే. ఒక్క దెబ్బ కూడా పడలేదు. సాంచా అక్కడికక్కడ రాయిలా ఆగిపోయింది.

సేటు చప్పట్లు కొట్టాడు. నిజంగానే మూడుసార్లు కొట్టాడు. "వా దత్తాత్రీ, వా! ఆగింది గదా? మూడేండ్ల సంది ఎవరూ ముట్టని సాంచా. నాడెట్ల ఉండెనో గిప్పుడూ గట్లనే ఉన్నది. పెట్టుకో, చెయ్యి పెట్టుకో లోపట!"

నాకు ఏడుపు వచ్చింది. శుభమ్ మళ్ళీ తిప్పమన్నాడు. బాపు మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆపాడు. మళ్ళీ రాయిలా ఆగింది.

"చాలా? ఇంకోపారి గావాల్నా?" అన్నాడు సేటు. "ఆరతీ, తీసెయ్ అమ్మా ఇగ. పో దత్తాత్రీ, బిడ్డను తోలుకపో."

బాపు పోలేదు. సాంచా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల వంచి, బ్రేకు చక్రం కిందికి కుడిచెయ్యి పోనిచ్చాడు. ఆ చేతికి మిగిలింది బొటనవేలూ చిటికెన వేలూ. ఆ రెండింటితోనే చక్రం చుట్టూ తడిమాడు. తర్వాత వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. ఆయన లేస్తున్నప్పుడు మోకాలు కటుక్కుమంది.

"సేటూ, గీ తోలు కొత్తది."

"ఏం కొత్తది?"

"ఇంక నూనె అంటలే. దుకాణం వాసన గూడ పోలే. కిందికి వంగి చూడుండ్రి, పచ్చగ మెరుస్తున్నది. మూడేండ్ల సంది తాడిపత్రి కింద పండిన సాంచాకు కొత్త పట్ట ఎవరేసిన్రు?"

శుభమ్ ఫోన్ లైటు వేసి కిందికి దూరాడు. "ఖరంచ్, నిజమే! చక్రం మీది తుప్పు గూడ గీకిన్రు," అన్నాడు లోపలి నుంచి.

"నా సాంచా, నా ఇష్టం," అన్నాడు సేటు. కానీ ఆ గొంతులో ఇందాకటి చప్పట్లు లేవు. "అమ్మేద్దామని ఆర్నెల్ల కింద మార్పిచ్చిన. నిన్ను అడగాల్నా?"

"ఆర్నెల్ల కిందనా?" ఆరతి అక్క ల్యాప్‌టాప్‌లో తారీఖు చూసింది. "కాకా, ఈ రికార్డింగ్ పోయిన ఐతవారంది. ఆ రోజు రెండు దెబ్బలు పడ్డయి. ఇయ్యాల పడలే. అంటె ఈ వారంలనే ఎవరో మార్చిన్రు. మీరేమో ఈ సౌండ్ ఇయ్యాలనే ఇన్నరు."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. నేనే తిప్పానని చెప్పినప్పుడు సేటు ఆశ్చర్యపోలేదు. రెండు దెబ్బలు రాకముందే మూత మూసేశాడు. బాపును పిలవమన్నప్పుడు కుర్చీలో హాయిగా కూర్చున్నాడు. ఆయన ఈ వేళ దేన్నీ కొత్తగా వినలేదు. అన్నీ తెలిసే వచ్చాడు. పోయిన ఆదివారం ఇక్కడ ఉన్నది నలుగురం. ఆ నలుగురిలో ఒకరు చెప్పకుండా ఆయనకు తెలియదు.

శుభమ్ సాంచా కింది నుంచి బయటికి వచ్చాడు. బట్టలకు అంటిన నూలు దుమ్ము దులుపుకోలేదు. తిన్నగా తుషార్ అన్న ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"చేతులు చూపియ్."

"ఏందిరా?"

"చేతులు చూపియ్ తుష్యా. తుప్పు గీకినోని చేతులు గీరుకపోయి ఉంటయి."

తుషార్ అన్న చేతులు చూపించలేదు. చంకల్లో పెట్టుకున్నాడు. అలా నిలబడే మాట్లాడాడు. మాకు కాదు, మా బాపుకు చెప్పాడు.

"సోమవారం పప్పాకు ఇనిపిచ్చిన అంకుల్. మంచిగొచ్చిందని సంబురంగ ఇనిపిచ్చిన. పూర్తిగ ఇని, బ్రేకు ఖరాబున్నది, మళ్ల ఎవరన్న తిప్పితె చేతులు పోతయి, పట్ట మార్చు అన్నరు. మంచికే అనుకొని మార్చిన. మారుస్తున్నప్పుడు... పాత పట్ట చేతిల పట్టుకున్నప్పుడు సమజైంది నాకు. అద్దం లెక్క ఉండె. పప్పాకు తెలుసని వీళ్ళకు తెల్వొద్దనే ఇయ్యాల కంప్యూటర్ సౌండ్ అన్న."

"అయినా నోరు మూసుకున్నవ్," అన్నాడు శుభమ్.

"కార్ఖానా పోతె ఆల్బమ్ పోతది రా."

"వీని మాటలు పట్టుకోకుండ్రి!" సేటు తలుపు దగ్గరి నుంచే గట్టిగా అన్నాడు. ఎప్పుడు అక్కడిదాకా వెళ్ళాడో నేను చూడలేదు. "వీనికి సాంచా గురించి ఏం తెలుసు? గిటార్ పట్టుకునే చేతులు, పట్ట మారుస్తయా? ఏ పాత పట్ట లేదు, ఏం లేదు."

బాపు ఆయనవైపు చూడనే లేదు. మూడేళ్ళుగా ఎవరితోనూ వాదించి గెలవని మనిషి, ఇప్పుడు చిన్నపిల్లవాణ్ణి అడిగినట్టు మెత్తగా అడిగాడు.

"తుషార్ బాబూ, ఆ పాత పట్ట ఏడ పెట్టినవ్?"

తుషార్ అన్న తండ్రిని చూశాడు. చద్దర్ల గోదాములో ఆడుకుంటూ పెరిగినవాడు, ఆ తండ్రి స్కూటర్ ముందు నిలబడి బడికి వెళ్ళినవాడు. నాకు ఆ క్షణంలో ఆయన మీద కోపం కంటే జాలే ఎక్కువ కలిగింది. నా డైరీలోని ఆ పేజీ గుర్తొచ్చి కాబోలు.

"స్కూటర్ డిక్కీల ఉన్నది," అన్నాడు.

"కాలవెట్టిన అన్నవ్ గదరా నాతోని!" అని సేటు అరిచాడు.

అరిచాక, తన నోటి నుంచి ఏం వచ్చిందో ఆయనే విన్నాడు.

శుభమ్ నోరు తెరిచి ఉంది. ఆరతి అక్క ఒడిలో ల్యాప్‌టాప్ జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకుంది. బాపు గోడకు వీపు ఆన్చి మెల్లగా నేల మీద కూలబడ్డాడు. మూడేళ్ళ బరువు ఒక్కసారి దింపినవాడిలా, ఇక లేచే ఓపిక లేనివాడిలా.

సేటు జేబులో తాళం చెవి గలగలమంది. ఆ స్కూటర్ మీద వచ్చింది ఆయనే. ఆయన తలుపు దాటడం అందరమూ చూశాం. అయినా డిక్కీలోని పట్టతో సహా పోతున్నాడని ముందు నాకే అర్థమైంది. తలుపుకు దగ్గరగా ఉన్నది కూడా నేనే.

చెప్పులు వేసుకోకుండా బయటికి పరుగెత్తాను. ఎండకు గచ్చు కాలుతోంది. ఎదురింటి అరుగు మీద చేటల్లో తునికాకు పెట్టుకొని విడీలు చుడుతున్న ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. సేటు అప్పటికే స్కూటర్ ఎక్కి, స్టాండు తీసి, బటన్ నొక్కాడు. ఇంజను అందుకుంది.

నేను ముందుకు వెళ్ళి నిలబడ్డాను. రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకున్నాను.

"జరుగు పోరీ."

"డిక్కీ తియ్యుండ్రి సేటూ." గొంతు నాదేనా అనిపించింది. అరుగు మీది ఆడవాళ్ళందరికీ వినపడేంత గట్టిగా వచ్చింది. "తీసి మా బాపు పట్ట ఇచ్చి పోండ్రి."

"జరుగుతవా, మీదికెళ్ళి పోనియ్యాల్నా?"

"పోనియ్యుండ్రి."

లోపలి నుంచి "తృప్తీ!" అని బాపు కేక వినిపించింది. ఆయన లేచి వస్తున్న అడుగులు కూడా వినిపించాయి. చాలా దూరంలో ఉన్నట్టు వినిపించాయి.

సేటు నా కళ్ళలోకి ఒకసారి చూసి, యాక్సిలరేటర్ పిడి మెలితిప్పాడు.